జూనియర్లు లేని ఆఫీసు

డబ్లిన్‌లో నేను పనిచేసేది ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూసే ఆఫీసులో. ఒకప్పుడు సెప్టెంబర్ వచ్చిందంటే కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డ పిల్లలు ఒక బ్యాచ్ దిగేవాళ్లు. వాళ్లకి ముందు అప్పజెప్పేది ఒకటే పని. లావుపాటి ఫైలంతా చదివి అరపేజీలో సారాంశం రాయడం. పరమ బోరు. మేమంతా అక్కడ మొదలైనవాళ్లమే. ఇప్పుడా అరపేజీ ఏఐ క్షణాల్లో రాసిపెడుతోంది. బ్యాచ్‌లు ఆగిపోయాయి.

మేనేజ్‌మెంట్ లెక్కలో ఇది లాభమే. జీతాల పద్దు తగ్గింది, ఫైళ్లు చకచకా కదులుతున్నాయి. లెక్కలోకి రానిది ఆ సారాంశాన్ని సరిచూసే పని. అది మా నెత్తిన పడింది. ఆమధ్య ఒక ట్రావెల్ క్లెయిమ్ వచ్చింది. పాలసీ తీసుకునేనాటికే గుండె జబ్బు ఉందని ఏఐ చక్కటి ఇంగ్లిష్‌లో రాసింది. అంటే క్లెయిమ్ కొట్టేయాలన్నమాట. మా సీనియర్ ఒకావిడకి ఎందుకో అనుమానం వచ్చి అసలు డాక్టర్ నోట్ తెరిచింది. జబ్బు పేషెంట్‌ది కాదు, వాళ్ల నాన్నది. కుటుంబ చరిత్ర అన్న గడిలో రాసిన ముక్క అది. అలాంటి నోట్లు ఏళ్ల తరబడి చదివింది కాబట్టి పట్టేసింది. ఆవిడ రిటైర్మెంట్ దగ్గర్లో ఉంది. ఆ తర్వాత పట్టేదెవరు?

తప్పు జరిగాక మిషన్ మీదకి నెట్టేద్దామన్నా కుదరదు. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒకాయనకి, వాళ్ల బామ్మ పోయినప్పుడు కొన్న టికెట్‌కి డిస్కౌంట్ తర్వాత అడగొచ్చని తప్పు చెప్పింది. ఆ చాట్‌బాట్ మాటకి చాట్‌బాటే బాధ్యత అన్నట్టు కంపెనీ వాదించింది. 2024లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, డబ్బు కట్టించింది. యూరప్‌లో కొత్త ఏఐ చట్టం ఇంకా గట్టిది. రెజ్యూమెలు వడకట్టడం, ప్రమోషన్లు తేల్చడం, పనితీరు కొలవడం లాంటివి ఏఐకి అప్పగిస్తే దాన్ని ఎక్కువ రిస్కున్న వాడకం కిందే లెక్కేస్తుంది, మనుషుల పర్యవేక్షణ ఉండాలంటుంది. ఉద్యోగి మొహం చూసి మూడ్ పసిగట్టే సాఫ్ట్‌వేర్‌ని, వైద్యం, భద్రత అవసరాలకి తప్ప, 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించారు. దీనికి మాత్రం దండం పెట్టాలి. సోమవారం పొద్దున నా మొహానికి మార్కులేస్తే పాస్ కూడా కాను.

మొన్న సెలవులకి వైజాగ్ వెళ్తే అక్కడా అదే మాట. 2025 అక్టోబర్‌లో గూగుల్ అక్కడ ఏఐ హబ్‌కి ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించాక, రుషికొండ నుంచి గాజువాక దాకా టీకొట్టు కబుర్లన్నీ దాని చుట్టూనే. పోర్టు దగ్గర మా మావయ్యకి చిన్న సీహెచ్ఏ ఆఫీసుంది, ఎక్స్‌పోర్ట్ సరుకుకి కస్టమ్స్ కాగితాలు చేస్తారు. ఎవరో వచ్చి ఏఐ డెమో ఇచ్చి వెళ్లారట. “ఒరే అల్లుడూ, మీ దగ్గర ఇవన్నీ చూస్తావు కదా. దీన్ని పెడితే ఎంతమందిని తగ్గించొచ్చు?” అన్నాడు.

డెమో కాగితాలు చూద్దాం అన్నాను. ఇన్‌వాయిస్ చదివి కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్లు నింపడం అద్భుతంగా చేసింది. కానీ బ్రెడ్ పొడి అద్దిన రొయ్యల్ని కూడా మామూలు ఫ్రోజెన్ రొయ్యల్లాగే 0306 అనే కస్టమ్స్ కోడ్‌లో వేసేసింది. పక్కన నిలబడ్డ పాత గుమాస్తా చూసిన వెంటనే, “అది 1605 కదండీ” అన్నాడు. పొట్టుతో ఉడికిస్తే ఒక కోడ్, పొట్టు తీసి ఉడికిస్తే ఇంకో కోడ్ అని కూడా చెప్పుకొచ్చాడు. ఆయన కుర్రాడిగా చేరినప్పుడు కొన్నేళ్లు చేసిన పని ఆ ఇన్‌వాయిస్‌లు టైపు కొట్టడమే.

“సాఫ్ట్‌వేర్ పెట్టు మావయ్యా, మంచిదే. ఇప్పుడు టైపు కొడుతున్న కుర్రాళ్లిద్దర్నీ మాత్రం తీసేయకు. టైపు కొట్టే బదులు గుమాస్తాగారి పక్కన కూర్చుని అది చేసినవి దిద్దమను,” అన్నాను. జీతాలు నువ్విస్తావా అని నవ్వాడు. సబబైన ప్రశ్నే, నా దగ్గర జవాబు లేదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఎంవీపీ కాలనీలో మా పక్కింటివాళ్లు అడిగింది. వాళ్లబ్బాయిని డబ్లిన్‌లో మాస్టర్స్‌కి పంపాలని లోన్ చూసుకుంటున్నారు. చదువయ్యాక స్టాంప్ 1జీ అనే ఐర్లాండ్ అనుమతి మీద రెండేళ్ల దాకా ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఆలోగా వర్క్ పర్మిట్ ఇప్పించే కంపెనీ దొరకాలి. కొత్తగా వచ్చినవాళ్లకి దొరికేవి మా ఆఫీసులో ఆగిపోయినవాటిలాంటి ఉద్యోగాలే. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్లమ్మగారికి నచ్చలేదు. మీరు బాగానే ఉన్నారు కదా అన్నారు.

తిరిగొచ్చాక బడ్జెట్ మీటింగ్‌లో ఇద్దరు జూనియర్లు కావాలని అడిగాను. ఒకరికి ఒప్పుకున్నారు, అదీ ఆర్నెల్ల కాంట్రాక్టు. పర్మిట్ అక్కర్లేనివాళ్లనే చూడమన్నారు.