ఆదివారం, రెండున్నరకు ఫోన్

ఇవాళ కూడా అమ్మ పన్నెండింటికే ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. చెల్లె చేసేది మన టైం రెండున్నరకు, అప్పటికి అక్కడ రాత్రి ఏడవుతుంది, వాళ్ళు మనకంటే నాలుగున్నర గంటలు ముందు. ఎన్నిసార్లు చెప్పినా "ఒకవేళ ముందుగాల్నే చేస్తే?" అంటుంది. పొద్దున ఫాతిమా కెథడ్రల్‌లో పూజ అయ్యాక వచ్చేటప్పుడు చికెన్ తెచ్చి వండాను. రెండు ముద్దలు తిని లేచింది.

చెల్లె పాపువా న్యూ గినీకి పోయి ఎనిమిది నెలలు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, కాన్వెంట్ సిస్టరై ఇంకా ఎన్నేళ్ళో కాలేదు, కాజీపేట నుంచి హైదరాబాద్ దాకా ఒంటరిగా పోవాలంటేనే ఒకప్పుడు నా చెయ్యి వదలకపోయేది. ఇప్పుడు సెపిక్ అనే పెద్ద నది వైపు, వెవాక్ పట్టణం నుంచి ట్రక్కులో కొంత, పడవలో కొంత పోతే వచ్చే ఊళ్ళో ఉంటుంది. ఈ వారం సంగతులన్నీ ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే మంగళవారం రాగానే అమ్మ "గురువారం నాడు అది ఏం జేసిందన్నది?" అని మళ్ళీ అడుగుతుంది, నేను ఒక్క ముక్క అటూ ఇటూ చెప్పినా పట్టుకుంటుంది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా బడి. చిన్న పిల్లలు, నలభై మంది దాకా ఉన్నారట. ఆ దేశంలో ఎనిమిది వందలకు పైగా భాషలు, పక్క ఊరి భాష ఈ ఊరికి తెలియదు, అందుకని అందరినీ కలిపేది టోక్ పిసిన్. మొదటి రెండు నెలలు చెల్లె పిల్లల దగ్గరే అది నేర్చుకుంది, ఇప్పుడు అందులోనే పాఠం చెప్తుంది. లెక్కలు వాళ్ళకు పట్టుబడటం లేదని ఈ వారం బడి ముందు మట్టిలో రెండు వరసల్లో ఏడేసి గుంటలు తవ్వి వామనగుంటలు నేర్పిందట. చింతగింజలు లేవు, ఏటి ఒడ్డున ఏరిన గులకరాళ్ళతోనే. బడి వదిలాక కూడా పిల్లలు ఇంటికి పోలేదని చెప్తుంటే దాని గొంతులో ఎంత సంతోషమో. మా అమ్మమ్మ మాకు వాకిట్లో నేర్పిన ఆట అది.

మంగళ, గురువారాలు మధ్యాహ్నం నుంచి చిన్న దవాఖానలో సాయం. దవాఖానను వాళ్ళు హౌస్ సిక్ అంటారట. పుండ్లు కడిగి కట్లు కట్టడం, జ్వరమొచ్చినవాళ్ళకు వేలు నుంచి రక్తం చుక్క తీసి మలేరియా పరీక్ష చేయడం. బుధవారం ఆడవాళ్ళకు కుట్టు నేర్పిస్తుంది, చేతితో తిప్పే మిషన్ ఒక్కటే ఉంది, దారం తెగితే పట్నం నుంచి వచ్చేదాకా ఆగాలి. ఈ మాట విన్నప్పటి నుంచి అమ్మ దారపు రీళ్ళు పంపడం ఎట్లా అని అడుగుతూనే ఉంది.

తిండి గురించి అడగకుండా అమ్మ ఏ ఫోనూ పెట్టదు. సక్‌సక్ అంటే ఏమిటో ఇవాళ వివరంగా చెప్పింది. అది సాగో తాటిచెట్టు, పూత రాకముందే కొట్టి, మొద్దు లోపలి గుజ్జును దంచి, నీళ్ళు పోసి పిసికి, ఆ నీళ్ళు తేరాక అడుగున మిగిలిన పిండిని వేడినీళ్ళతో కలిపి జిగురుగా చేసుకుని చేపతోనో ఆకుకూరతోనో తింటారు. అసలు సగ్గుబియ్యం అంటే ఆ పిండిదేనట, మనం పాయసంలో వేసుకునేది కర్రపెండలంతో చేస్తారు. అమ్మకు ఇది వినగానే కొంచెం ధైర్యం వచ్చినట్టుంది. "అయితే సగ్గుబియ్యమే గదా, అరుగుతది" అన్నది.

గురువారం సంగతి మాత్రం చెల్లె ఆగి ఆగి చెప్పింది. ఒక తల్లి మూడేళ్ళ పిల్లను నెత్తి మీదుగా వేలాడే అల్లిన సంచిలో వేసుకుని, బురదలో నాలుగు గంటలు నడిచి వచ్చింది. పిల్ల ఒళ్ళు కాలిపోతుంది. పరీక్షలో మలేరియా అని తేలింది, నర్సు మాత్రలు పొడి చేసి తాగిస్తే మొదటిసారి కక్కేసింది, మళ్ళీ తాగించారు. ఆ రాత్రంతా చెల్లె తడిగుడ్డ పట్టుకుని ఆ తల్లి పక్కనే కూర్చుంది. తెల్లారేసరికి జ్వరం దిగి పిల్ల నీళ్ళు అడిగింది. అప్పుడు ఆ తల్లి తన కడుపు మీద చెయ్యి వేసుకుని, తర్వాత చెల్లె కడుపు మీద వేసి, "బెల్ ఇసి" అన్నదట.

బెల్ అంటే కడుపు. వాళ్ళకు మనసు ఉండేది కడుపులోనే. దుఃఖమొస్తే బెల్ హెవి, కడుపు బరువు. నెమ్మదిగా, శాంతిగా ఉంటే బెల్ ఇసి.

ఇది విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, లైన్ కట్ అయిందేమో అనుకుని చెల్లె "అమ్మా, అమ్మా" అంటుంది. తర్వాత అమ్మ "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అన్నది. నాకు ఒళ్ళు జలదరించింది. పిల్లలు గల ఆడవాళ్ళను దీవించే మాట గదా అది, చెల్లె కాన్వెంటుకు పోయిన రోజు నుంచి అమ్మ దాని విషయంలో ఆ మాట నోట రానీయలేదు. నాకు నా కొడుకు పుట్టినప్పుడు అన్నది. దానికి ఇవాళ. అవతల నుంచి చెల్లె ఏడ్పు వినిపించింది, ఇంతలో నిజంగానే లైన్ పోయింది.

శనివారం పడవలో ఇంకో ఊరికి పోయి పిల్లలకు పీటర్ టు రొట్ గురించి చెప్పిందట, ఆ దేశం నుంచి మొదటి పునీతుడు (సెయింట్), పెళ్ళయిన ఉపదేశి, అంటే జనానికి క్రీస్తు బోధ చెప్పేవాడు, జపాన్ సైన్యం చెరలో 1945లో ప్రాణం పోయింది, 2025 అక్టోబర్ 19న పునీతుడిగా ప్రకటించారు. ఇది లైన్ పోయాక మెసేజ్‌లో పెట్టింది.

సాయంత్రం గిన్నెలు తోముతుంటే అమ్మ వెనక వచ్చి నిలబడింది. తన చిన్నప్పుడు వాళ్ళ ఊరికి వచ్చే ఇటలీ ఫాదర్ గురించి మొదలుపెట్టింది. మా వరంగల్ మేత్రాసనానికి, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతానికి, మొదటి బిషప్ బెరెట్టా గారు కూడా ఇటలీ మనిషే, ఆ కాలంలో అక్కడి నుంచి ఎందరో వచ్చారు. ఆ ఫాదర్ మందుల డబ్బా పట్టుకుని సైకిల్ మీద వచ్చేవాడు, తెలుగు మొదట మొదట పిల్లల దగ్గరే నేర్చుకున్నాడు, పచ్చిపులుసు అన్నం అందరితో కూర్చుని తిన్నాడు. జ్వరం బిళ్ళ ఇచ్చినప్పుడల్లా మా అమ్మమ్మ "ఏ తల్లి కన్నదో, ఆమె కడుపు సల్లగుండ" అనేదట.

"అనుడే గానీ ఆమె ఎవరు, ఎట్లున్నది అని ఆయనను ఎన్నడన్న అడిగినమా? ఇక్కడికెల్లి ఉత్తరం రాస్తే ఎన్ని దినాలకు చేరేదో ఆమెకు" అన్నది అమ్మ. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది.

ఆయన సమాధి ఆ ఊళ్ళోనే ఉంది, చాలా ఏళ్ళ నుంచి మేము పోలేదు. సమాధుల పండుగ దాకా ఆగొద్దట, వచ్చే శనివారమే పోదామంటుంది, బంతిపూలు తీసుకుని. రేపు హనుమకొండ బస్టాండ్‌లో ఆ ఊరి బస్సు ఎన్నింటికో అడగాలి, ఆదివారం రెండున్నర లోపల ఇంట్లో ఉండాలి కాబట్టి రాత్రి అక్కడ ఉండకుండా తిరిగి వచ్చేది కూడా.