బాగా చూసుకున్నందుకు తగ్గిన పింఛను

మాది పి.గన్నవరం దగ్గర గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊరు. మా మామయ్యగారికి 72 ఏళ్లు. పక్షవాతంతో కుడివైపు పూర్తిగా పడిపోయింది, మాట కూడా ముద్దముద్దగా వస్తుంది. పూర్తిగా మంచానపడ్డవాళ్ల పింఛను 2024లో 5,000 నుంచి 15,000 అయింది. ఆ ధైర్యంతోనే నేను ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం మానేశాను. అక్కడ నాకిచ్చేది 8,000. మా ఆయన రావులపాలెం అరటి మార్కెట్‌లో గుమాస్తా, తెల్లారకముందే వెళ్లిపోతారు. ఇక పెద్దాయన్ని కదపడానికి, పక్క మార్చడానికి ముఖ్యంగా నేనే.

2025 జనవరిలో మంచానపడ్డ పింఛనుదారులను మళ్లీ పరీక్షించడానికి డాక్టర్లు ఇళ్లకు రావడం మొదలుపెట్టారు. మా ఇంటికి వచ్చేసరికి మామయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా పాత చీరతో నడుముకు కట్టి, జావ తాగిస్తున్నాను. ఎప్పుడూ పడుకునే ఉంటే వీపు పుండ్లు పడుతుందని, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని మాకు ముందే చెప్పారు. అందుకే ఎంత కష్టమైనా కూర్చోబెట్టే పెడతాం. డాక్టరుగారు చెయ్యి ఎత్తమన్నారు, కాలు కదపమన్నారు, వీపు చూశారు. ఒక్క పుండు లేదు. "కూర్చోగలుగుతున్నారన్నమాట" అని రాసుకున్నారు.

"ఆయన కూర్చోలేదండీ, మేం కూర్చోబెట్టాం" అన్నాను. అప్పటికే వాళ్లు తర్వాతి ఇల్లు ఎటని అడుగుతున్నారు.

ఆగస్టులో గ్రామ సచివాలయం నుంచి నోటీసు వచ్చింది. ఇక మీదట దివ్యాంగుల పింఛను 6,000 మాత్రమేనట. అంటే నెలకు 9,000 తక్కువ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డైపర్లు, యూరిన్ బ్యాగులు, ఫిజియోథెరపీ, మందులు ఇవేవీ తగ్గవు కదా.

దొంగ సర్టిఫికెట్లు ఏరెయ్యడానికే ఈ పరీక్షలన్నారు. అవి లేవని నేననను. బండి మీద తిరిగే మనిషికి దివ్యాంగుల పింఛను రావడం మేమూ చూశాం. ప్రభుత్వానికి భారం ఉందనీ తెలుసు. తీవ్ర వైకల్యం ఉన్న పేదలకు కేంద్రం ఇచ్చే వాటా నెలకు 300, అదీ ఏళ్ల తరబడి పెరగలేదు. మిగతాదంతా రాష్ట్రమే పెట్టుకోవాలి. కానీ ఇందులో ఒక చిత్రం ఉంది. బడ్జెట్‌లో పింఛను రేటు పైసా కూడా తగ్గదు, మనిషే కింది వరుసలోకి జారిపోతాడు. చూసుకునేవాళ్లు లేక వీపంతా పుండ్లు పడి ఉంటే మా మామయ్యగారికి 15,000 నిలబడేదేమో అని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అప్పీలు ఎంపీడీవో ఆఫీసులో పెట్టాలి. ఆధార్, పింఛను ఐడీ, పాత సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, సీటీ స్కాన్ రిపోర్టు, నోటీసు అన్నీ జెరాక్స్ తీయించాను. అర్జీలో జబ్బు గురించి కన్నా, ఆయనకు ఏయే పనికి ఎంతమంది సాయం కావాలో ఎక్కువ రాశాను. మంచం నుంచి కుర్చీకి ఇద్దరు, స్నానానికి ఇద్దరు, అన్నం తినిపించడానికి ఒకరు. ఆ సలహా మా ఊరి ఆశా వర్కరుది. "అక్కా, కుర్చీకి మార్చేటప్పుడు వీడియో తీసి ఉంచుకో" అని చెప్పింది కూడా ఆ అమ్మాయే.

అప్పీలు పెట్టాక ఒకటో తేదీన పాత మొత్తమే చేతికొచ్చింది. కొంచెం ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత హాస్పిటల్లో పరీక్షకు స్లాట్ ఇచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వరద, మా ఊరికి దారైన కాజ్‌వే మునిగిపోయింది. మంచానపడ్డ మనిషిని పడవలో ఎక్కించి తీసుకురమ్మంటే ఎలా? సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు మంచివాడు, పైవాళ్లతో మాట్లాడి తేదీ మార్పించాడు. నీళ్లు తీశాక వ్యాన్ మాట్లాడుకుని వెళ్లాం. అక్కడ కారిడార్ నిండా మాలాంటివాళ్లే. ఒకావిడ కొడుకుని ఒళ్లో పడుకోబెట్టుకుని నేలమీదే కూర్చుంది.

ఈసారి డాక్టరమ్మ వీడియో మొత్తం చూసింది. "ఈయన్ని చూసుకునేది ఎవరు?" అని అడిగింది. నేనేనని చెప్పాను. "ఉద్యోగం?" మానేశానని చెప్పాను. తలూపింది కానీ ఆ ఫారంలో నా గురించి రాయడానికి గడే లేదు.

చూసుకునేవాళ్లకు ఎక్కడైనా సాయం ఉందా అని తర్వాత వెతికాను. 70 దాటినవాళ్లకు 2024 అక్టోబరులో మొదలైన వయ వందన కార్డుతో 5 లక్షల దాకా వైద్యం ఉంది, మామయ్యగారికీ తీయించాం. అది హాస్పిటల్లో చేరితే పనికొస్తుంది. ఇంట్లో ఒళ్లు తుడిచి పక్క మార్చేవాళ్లకు మాత్రం రూపాయి రాదు. కేరళలో ఆశ్వాసకిరణం అని సంరక్షకులకే నెలకు 600 ఇచ్చే పథకం ఉంది. అదీ నెలల తరబడి బకాయి పడిందని అక్కడివాళ్ల గోల.

మా అప్పీలు ఫలితం ఇంకా రాలేదు. స్కూలువాళ్లు మళ్లీ రమ్మని కబురు పెట్టారు. పగటిపూట చూసుకోవడానికి మనిషిని అడిగితే 12,000 చెప్పింది. 6,000 పింఛనులో అంత ఎక్కడి నుంచి తేవాలి? నేను స్కూలుకెళ్లి తెచ్చే 8,000 కలిపినా ఆమెకిచ్చాక మిగిలేది 2,000. మందులకే చాలవు. అందుకని కాగితం చేతికొచ్చేదాకా ఏ మాటా చెప్పలేనని హెడ్మాస్టారుకి ఫోన్ చేసి చెప్పేశాను.