తప్పు నా చేతులది కాదు

నిన్న చివరి విడత సర్పగంధ మొక్కల మీది పాలిథిన్ కవర్లు పూర్తిగా తీసేశాను. ఈ ఉదయం చూస్తే ఒక్క ఆకు కూడా వాలలేదు. ఆ సంతోషంతో పాటు కడుపులో ఉన్న మంట కూడా ఇప్పుడే రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

సర్పగంధలో మందు ఉన్నది వేరులో. వేరు తవ్వితే మొక్క పోతుంది. 1952లో ఆ వేరు నుంచి రక్తపోటు తగ్గించే రిసర్పిన్‌ను విడదీశాక అడవిలో దానికి గడ్డుకాలం మొదలైంది. పోనీ గింజలు వేద్దామంటే మొలిచేవి తక్కువ. అందుకే చిన్న మొక్క ముక్కను సూక్ష్మజీవులు లేని సీసాలో పెట్టి మొక్కలుగా పెంచే టిష్యూ కల్చర్ నేర్చుకుందామని ఒక ల్యాబులో శిక్షణకు చేరాను.

మీడియం, అంటే ఆ ముక్క సీసాలో తిని పెరిగే ఆహారం, దాని తయారీ కొలత తప్పనివారికి కష్టమేమీ కాదు. మురషిగె, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు 1962లో ఇచ్చిన లవణాల పాళ్లే ఇప్పటికీ వాడుతున్నారు. వాటికి లీటరుకు 30 గ్రాముల పంచదార, 8 గ్రాముల అగర్ (గడ్డకట్టించే పొడి) చేర్చి, ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ఉంచాలి. పీహెచ్ 5.8కి సరిచేయడం అగర్ వేయకముందే చేయండి. కణుపు ముక్కలను ఆల్కహాల్‌లో అర నిమిషం, మెర్క్యురిక్ క్లోరైడ్‌లో నాలుగు నిమిషాలు ఉంచి, శుద్ధి చేసిన నీటితో ఐదుసార్లు కడిగాను. అది పాదరస విషం. కడిగిన నీళ్లను సింకులో పారబోసే చదువుకున్నవాళ్లను అక్కడ చూశాను, మళ్లీ చూడదలచుకోలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. ఐదో రోజున నా సీసాల్లో కాడ మొదట్లో పాలు ఒలికినట్లు తెల్లటి మబ్బు కనిపించింది. బూజైతే దూదిలా పైకి లేస్తుంది. ఇది బాక్టీరియా. నలభై సీసాల్లో ముప్పై ఒకటి పోయాయి. రెండోసారి పెట్టినవీ అంతే. ల్యాబు బాధ్యురాలు ఆ సీసాలను బల్ల మీద వరసగా పేర్పించి, నాకంటే సగం వయసున్న విద్యార్థులందరినీ పిలిచారు. "చేతులు సరిగ్గా కడుక్కోకపోతే ఏమవుతుందో చూడండి" అన్నారు. నా వైపు తిరిగి, "మీకు మట్టిలో పని అలవాటు కదా, ఇది అందరికీ పట్టుబడదు" అని కూడా అన్నారు. ఆ రోజు ఆ సీసాలు కడుగుతూ ఏడ్చాననడానికి నాకు సిగ్గులేదు.

మర్నాడు నా సొంత లెక్క మొదలుపెట్టాను. మొక్క ముక్క ఏదీ పెట్టకుండా ఇరవై ఖాళీ మీడియం సీసాలు తీసుకుని నాలుగు వరసలు చేశాను. మొదటి ఐదూ అసలు తెరవలేదు. రెండో ఐదూ లామినార్ (వడగట్టిన గాలి వీచే పని బల్ల) ముందు తెరిచి, కాసేపు ఉంచి మూశాను. మూడో ఐదింటిలో అందరం వాడే స్పిరిట్ జాడీలోంచి తీసిన పట్టకారును మంటకు చూపించి మీడియానికి ఆనించాను. నాలుగో ఐదింటిలో, అదే చేతులతో, పొట్లం కట్టి ఆటోక్లేవ్ చేసిన పట్టకారును ఆనించాను. వారం తర్వాత మూడో వరసలో నాలుగు సీసాలు మబ్బు పట్టాయి, అదీ పట్టకారు మొన తగిలిన గీత వెంబడే. మిగతా పదహారూ అద్దాల్లా ఉన్నాయి.

జాడీ సంగతి సహాయకుణ్ణి అడిగాను. "పారబోయడం ఎప్పుడూ లేదమ్మా, తగ్గితే పైన పోస్తుంటాం" అన్నాడు. 70 శాతం ఆల్కహాల్ బాక్టీరియాను చంపుతుంది కానీ బాసిల్లస్ లాంటి బాక్టీరియా గట్టి పెంకులో దాక్కునే బీజాలను (స్పోర్లను) చంపలేదు. అవి ఆ జాడీలోనే హాయిగా కూర్చుంటాయి. పట్టకారుకు అంటిన స్పిరిట్ గుప్పున మండి ఆరిపోతే శుద్ధి అయిపోయిందనుకుంటాం. లోహం అంత సేపట్లో కాలనే కాలదు. అదే గాజుపూసల స్టెరిలైజర్‌లో అయితే 250 డిగ్రీల వేడి తగులుతుంది.

ఇరవై సీసాలనూ ఆవిడ గదికే తీసుకెళ్లి చూపించాను. రెండు నిమిషాలు చూసి, "సరే, ఇకనుంచి జాడీ రోజూ మార్చండి" అన్నారు. అంతే. తిట్టడానికి అందరూ కావాలి, ఒప్పుకోవడానికి గది తలుపు మూసి ఉండాలి. మూడో విడతలో నా నలభై సీసాల్లో రెండే పోయాయి. ఆ విద్యార్థుల్లో ఎవరికీ అంత మంచి లెక్క రాలేదని రాయకుండా ఉండలేను.

బీఏపీ అనే హార్మోనుతో పిలకలు, తర్వాత ఐబీఏ అనే మరో హార్మోనుతో వేళ్లు చెప్పినట్లే వచ్చాయి. సీసా నుంచి మట్టిలోకి దాటించడంలో మాత్రం తొలి విడత దెబ్బతింది, అది పూర్తిగా నా తొందరే. సీసాలోని తేమకు అలవాటుపడ్డ ఆకు మీద మైనపు పొర సరిగా ఉండదు, పత్రరంధ్రాలు మూసుకోవడం రాదు. కవరు ఒక్కసారిగా తీసేస్తే మధ్యాహ్నానికి తలవాల్చేస్తుంది. వేళ్లకు అంటిన అగర్‌ను గోరువెచ్చని నీటితో పూర్తిగా కడగండి, లేదంటే అందులోని పంచదారకు బూజు పడుతుంది. తర్వాత కవరుకు రోజుకు రెండేసి రంధ్రాలు పెడుతూ పోవాలి.

శిక్షణకు ఎక్కడ చేరినా ముందు స్పిరిట్ ఎప్పుడు మార్చారో అడగండి. నవ్వితే బయటికి వచ్చేయండి.