బాల్స్ బ్లఫ్: లీస్‌బర్గ్ పక్కన ఏటిగట్టు మీది యుద్ధభూమి

ఉత్తర వర్జీనియాలో ఉండే తెలుగువాళ్లకి లీస్‌బర్గ్ అనగానే ఔట్‌లెట్ మాల్ గుర్తొస్తుంది. ఆ మాల్ ముందు నుంచి వెళ్లే ఫోర్ట్ ఎవాన్స్ రోడ్డుకి ఆ పేరు అమెరికా అంతర్యుద్ధ కాలపు మట్టికోట నుంచి వచ్చింది. 1861లో ఈ ఊరికి కాపలా ఉన్న దక్షిణాది (దేశం నుంచి విడిపోయిన రాష్ట్రాల) సైన్యపు కర్నల్ నేథన్ ఎవాన్స్ పేరే ఆ కోటకి పెట్టారు. దగ్గర్లోని ఎడ్వర్డ్స్ ఫెర్రీ రోడ్డు పోటోమాక్ నది మీద ఒకప్పటి రేవుకి దారి. 1861 అక్టోబరు 21న ఇక్కడికి కొద్ది మైళ్ల దూరంలో, నది ఒడ్డున జరిగిన పోరాటమే బాల్స్ బ్లఫ్. గెటిస్‌బర్గ్‌కి పిల్లల్ని తీసుకుని గంటకు పైగా ప్రయాణం చేసే ఆష్‌బర్న్ కుటుంబాల్లో చాలామంది ఇంటిపక్కనున్న ఈ చోటు చూడలేదు. చూసి తీరాల్సిన చోటు.

డల్లెస్ వైపు నుంచి వస్తే రూట్ 15 బైపాస్ ఎక్కి, బ్యాటిల్‌ఫీల్డ్ పార్క్‌వే మీదికి తిరిగి, అక్కడి నుంచి బాల్స్ బ్లఫ్ రోడ్డు పట్టుకోవాలి. ఆ రోడ్డు ఇళ్ల కాలనీలోంచి వెళుతుంది. చివరి ఇల్లు దాటేదాకా దారి తప్పామనే అనిపిస్తుంది, నేరుగా వెళ్లిపోవాలి. తారురోడ్డు అయిపోయి కంకరబాట మొదలైతే వచ్చేసినట్టే. పార్కింగ్ చిన్నది. టికెట్ లేదు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా తెరిచి ఉంటుంది. మంచినీళ్లు వెంట తెచ్చుకోవడం మంచిది. వసంతం నుంచి శరత్తు దాకా వారాంతాల్లో స్వచ్ఛంద గైడ్లు ఉచితంగా తిప్పి చూపిస్తారు. వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఈ చోటిని నడిపే ప్రాంతీయ పార్కు సంస్థ నోవా పార్క్స్ వారి పేజీ చూసుకోవాలి.

సమాచార పలకలు చదువుతూ నడిచే చుట్టుబాట సుమారు ఒక మైలు. కానీ పార్కింగ్ నుంచి తిన్నగా మైదానానికి వెళ్లి పలకలు చదివి తిరిగొచ్చేస్తే యుద్ధం సగమే అర్థమవుతుంది. ముందు నది ఒడ్డుకి దిగే బాట పట్టాలని మా సలహా. దాదాపు 100 అడుగుల ఎత్తు గట్టు అది. కింద నిలబడి తల పైకెత్తి చూస్తే ఉత్తరాది సైనికుల పరిస్థితి ఒక్క నిమిషంలో బోధపడుతుంది. ఎదురుగా కనిపించేది హారిసన్ లంక. ఇటువైపు పాయ ఒక బలమైన ఈతగాడు దాటగలిగినంతే కనిపిస్తుంది, కానీ ఆ రోజు వానలకి నది పొంగి ఉంది. లంక అవతల మరో పాయ, దాని అవతల మేరీల్యాండ్ ఒడ్డు. అంటే లంక మీదుగా వచ్చిన ప్రతి సైనికుడూ రెండు పాయలు దాటి, ఈ గట్టెక్కాలి. వెనక్కి పోవాలన్నా అదే దారి.

అసలు ఇక్కడికి ఎందుకొచ్చారంటే, ముందురోజు రాత్రి నది దాటిన ఒక చిన్న ఉత్తరాది గస్తీ బృందం వెన్నెల్లో చెట్ల వరసని చూసి శత్రువు గుడారాలనుకుంది. ఆ శిబిరం మీద దాడికి జనరల్ చార్లెస్ స్టోన్ కర్నల్ డెవెన్స్ కింద 300 మందిని పంపాడు. ఉన్నవి మూడు చిన్న పడవలు. అన్నీ కలిపి ఒక విడతకు 30 మందిని మించి మోయలేవు. తెల్లారాక చూస్తే శిబిరమే లేదు. అక్కడితో వెనక్కి వెళ్లిపోయి ఉంటే ఈ చోటికి చరిత్రలో పేరే ఉండేది కాదు. ఒరెగాన్ సెనేటర్, లింకన్‌కి ఆప్తమిత్రుడు కర్నల్ ఎడ్వర్డ్ బేకర్‌కి, దళాల్ని పంపాలో వెనక్కి రప్పించాలో నిర్ణయించే అధికారం దక్కింది. ఆయన పంపడానికే మొగ్గాడు. అయితే పడవలు ఎన్నున్నాయో ముందు లెక్క చూడలేదు. ఒక పడవని మేరీల్యాండ్ ఒడ్డు వెంట ఉన్న కాలువలోంచి నదిలోకి మార్పించడంలోనే గంటలు గడిచిపోయాయి. ఈలోగా పైన డెవెన్స్ మనుషులు ఒంటరిగా కొట్లాడుతున్నారు.

సాయంత్రానికి రెండు పక్షాలూ చెరో 1,700 మంది దాకా చేరాయి. సంఖ్యలో తేడా లేదు, నిలబడ్డ చోటులోనే తేడా. దక్షిణాది వాళ్లకి వెనకాల అడవి, లీస్‌బర్గ్ ఉన్నాయి. ఉత్తరాది వాళ్లకి ముందు బయలు, వెనకాల గట్టు, దాని కింద నది. బేకర్ ఇక్కడే తూటాలకి కూలాడు. పదవిలో ఉండగా యుద్ధంలో చనిపోయిన అమెరికా సెనేటర్ ఆయనొక్కడే. చీకటి పడే వేళకి ఉత్తరాది వరస చెదిరి సైనికులు గట్టు మీంచి కిందికి పడ్డారు. ఎక్కువమంది ఎక్కేసరికి పడవలు మునిగిపోయాయి. నీళ్లలో కొట్టుకుపోయిన శవాలు కొన్ని రోజుల తర్వాత వాషింగ్టన్ దగ్గర తేలాయి. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు కలిసి ఉత్తరాదికి సుమారు వెయ్యి మంది నష్టం, అందులో సగానికి పైగా బందీలే. దక్షిణాది నష్టం 160 లోపే. అప్పుడు లెఫ్టినెంట్‌గా ఉండి ఛాతీలో గాయపడ్డ ఆలివర్ వెండెల్ హోమ్స్ తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు.

పోరాటం చిన్నదైనా రాజధానిలో పెద్ద కలకలం రేగింది. ఆ డిసెంబరులోనే యుద్ధ నిర్వహణ మీద విచారణకి కాంగ్రెస్ ఉమ్మడి కమిటీ వేసింది. నింద స్టోన్ మీద పడింది. ఆరోపణ పత్రమే లేకుండా ఆయన్ని 189 రోజులు జైల్లో ఉంచారు. చాలా ఏళ్ల తర్వాత లిబర్టీ విగ్రహం పీఠం పనికి ఇంజనీరుగా ఉన్నది ఈ స్టోనే.

గట్టు మీద రాతిగోడ లోపల జాతీయ శ్మశానం ఉంది. 1865లో ఏర్పాటైంది, దేశంలో అతిచిన్న జాతీయ శ్మశానాల్లో ఒకటి. జెండా స్తంభం చుట్టూ అర్ధవలయంగా 25 తెల్లరాళ్లు. వాటి కింద 54 మంది. రాళ్లన్నీ వరసగా చదువుతూ పోతే ఒకే ఒక్క దాని మీద పేరుంటుంది: జేమ్స్ అలెన్, 15వ మాసచుసెట్స్ రెజిమెంటు. మిగతా 24 రాళ్ల మీదా ‘అన్‌నోన్’. బేకర్ పేరున్న రాయి చూసి ఆయన్ని ఇక్కడే పూడ్చారనుకుంటారు చాలామంది. అది స్మారకం మాత్రమే, సమాధి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది. దక్షిణాది జెండా మోస్తూ చనిపోయిన క్లింటన్ హ్యాచర్‌కీ దగ్గర్లోనే రాయి ఉంది. లీస్‌బర్గ్ కోర్టు ముందున్న దక్షిణాది సైనికుడి విగ్రహాన్ని 2020లో తీసేశారు. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన సైన్యానికి న్యాయస్థానం ముంగిట గౌరవపీఠం ఉండకూడదు, తీసేయడం సరైన పనే. యుద్ధభూమిలో రాయి సంగతి వేరు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలియకపోతే ఆ పోరాటం అర్థం కాదు, అందుకే అది ఉండాలనే మా అభిప్రాయం.

ఈ చోటిని నిలబెట్టడంలో అసలు పని రాళ్ల దగ్గర లేదు, చెట్ల దగ్గర ఉంది. 1861లో బయలుగా ఉన్న నేల తర్వాతి వందేళ్లలో అడవైపోయింది. 1984లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చినా, మైదానంలో నిలబడితే ముప్పై అడుగుల అవతల ఏముందో కనపడేది కాదు. తుపాకీ ఎంత దూరం పేలిందో, ఎవరికి ఎవరు కనిపించారో చూపించలేని యుద్ధభూమి ఉన్నా లేనట్టే. అందుకే కొంత మేర చెట్లు కొట్టించి బయలు మళ్లీ తెరిచారు. పార్కులో చెట్లు కొట్టడమేమిటని అడిగేవాళ్లుంటారు, ఆ ప్రశ్నా న్యాయమైనదే. అయితే గట్టువాలు మీది చెట్లని ముట్టుకోకూడదు, వాటి వేళ్లే మట్టిని పట్టి ఉంచుతున్నాయి. తెరిచిన బయలు కూడా కోస్తూ ఉండకపోతే కొద్ది ఏళ్లకే తుప్పలతో మూసుకుపోతుంది. శ్మశానం కేంద్రప్రభుత్వ వెటరన్స్ శాఖది, చుట్టూ నేల ప్రాంతీయ పార్కు సంస్థది. ఇక కాలనీ వాళ్లు తొక్కిన దొంగబాటల వెంట వాననీరు పారి గట్టు కోసుకుపోతుంది. కాబట్టి గుర్తులున్న బాటే నడవండి. మెటల్ డిటెక్టర్ తీసుకెళ్లడం నిషేధం. తూటా ఒక్కటి తవ్వి తీసినా అది ఎక్కడ పడిందన్న సాక్ష్యం పోయినట్టే.

వెళ్లడానికి ఆకులు రాలాక, నవంబరు నుంచి మార్చి దాకా మంచిది. పైనుంచి నది, లంక రెండూ కనిపిస్తాయి. ఏప్రిల్‌లో అయితే గట్టు కింద బ్లూబెల్స్ పూస్తాయి. వాన పడ్డ మర్నాడు నది బాట జారుతుంది, పట్టున్న బూట్లు లేకపోతే దిగొద్దు. నీళ్లలోకి అసలు దిగొద్దు. వేసవిలో పిడుదులు పట్టుకుంటాయి, పొడుగు ప్యాంటు వేసుకుని ఇంటికెళ్లాక ఒళ్లంతా చూసుకోవాలి. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తీగని పిల్లలకి ముందే చూపించాలి.

అవతలి ఒడ్డు నుంచి చూడాలంటే ఇప్పుడు కొంచెం చుట్టూ తిరగాలి. వైట్స్ ఫెర్రీ పడవ 2020 డిసెంబరులో ఆగిపోయింది. రూట్ 15 మీద ఉత్తరంగా పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెన దాటి మేరీల్యాండ్‌లోకి వెళ్లి, వైట్స్ ఫెర్రీ దగ్గర సీ అండ్ ఓ కాలువ గట్టెక్కాలి. అక్కడి నుంచి దిగువకి ఎడ్వర్డ్స్ ఫెర్రీలోని 25వ లాక్ (కాలువలో పడవల్ని ఎక్కించి దించే నీటిగది) దాకా దాదాపు 5 మైళ్ల సమతల నడక. బేకర్ పడవ కోసం గంటలు పోగొట్టుకున్న కాలువ ఇదే. హారిసన్ లంక మధ్యలో కుడివైపున వస్తుంది. సైకిలుంటే పని సులువు, గట్టంతా తొక్కవచ్చు.