త్యాగయ్య కృతికి అనుమతి పత్రం అడిగారు

మా పిల్లల పాట మీద పడిన అభ్యంతరాన్ని ఉపసంహరించుకున్నట్లు నిన్న సాయంత్రం సందేశం వచ్చింది. చెన్నైలో నాలాగే ఇంటి దగ్గర సంగీతం చెప్పుకుంటున్న తెలుగువాళ్లకు పనికివస్తుందని ఈ ఐదు వారాల సంగతి రాస్తున్నాను.

పుష్య బహుళ పంచమినాడు పశ్చిమ మాంబళంలోని మా ఇంట్లో పదకొండుమంది పిల్లలు మోహన రాగంలో ఒక త్యాగరాజ కృతి పాడారు. మా అబ్బాయి దాన్ని ఫోనులో తీసి అంతర్జాలంలో పెట్టాడు. మూడో రోజున, ఆ పాట 1984లో విడుదలైన ఒక క్యాసెట్టులోనిదని, హక్కులు ఫలానా సంస్థవని నోటీసు వచ్చింది. కాదని ఫారం నింపడం పది నిమిషాల పని. వారంలోపే ఆ సంస్థ మా మాటను తోసిపుచ్చింది.

నేరుగా మాట్లాడితే తేలిపోతుందని ఆ సంస్థ కార్యాలయానికి వెళ్లాను. ఉదయం పదిన్నరకు వెళితే మధ్యాహ్నం మూడింటికి లోపలికి పిలిచారు. అక్కడి కుర్రవాడు మా పాటను, క్యాసెట్టు పాటను పక్కపక్కనే వినిపించి, రెండూ ఒకటే కదా అన్నాడు. ఒకే కృతిని ఇద్దరు పాడితే ఒకటిగా కాక మరెలా ఉంటుంది తంబీ, ఆ మహానుభావుడు 1847లోనే సిద్ధి పొందాడు అన్నాను. అతడు తల ఎత్తకుండానే, "ఆయన వారసుల దగ్గర అనుమతి పత్రం తీసుకున్నారా అమ్మా? లేకపోతే మాకు రుసుము కట్టండి" అన్నాడు. నాతో తోడుగా వచ్చిన ఒక శిష్యురాలి తల్లి ఎదుట, ముప్పై ఒక్క ఏళ్లుగా పాఠం చెబుతున్న నన్ను పాట దొంగిలించినదానిలా నిలబెట్టారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యానికీ సంగీతానికీ హక్కు కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది; ఆ ఏళ్లను ఆయన పోయిన మరుసటి సంవత్సరారంభం నుంచి లెక్కిస్తారు. 1992 దాకా అది 50 ఏళ్లే. మన దేశంలో మొదటి కాపీరైట్ చట్టం వచ్చినది కూడా, త్యాగయ్య కన్నుమూసిన 1847లోనే. ఆ కృతి ఎవరి సొత్తూ కాదు, అందరిదీ. అయితే రికార్డింగు హక్కు వేరు: అది వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, అంటే ఆ క్యాసెట్టు మీద 2044 ముగిసేదాకా ఆ సంస్థకు హక్కు ఉంది. ఆ శబ్దాన్ని నేను వాడుకుంటే తప్పు నాదే. మా పిల్లల గొంతుల మీద, మా తంబుర మీద వారికి ఏ హక్కూ లేదు. చిన్న ఉపాధ్యాయులు భయపడి రుసుము కడతారని తెలిసే ఇటువంటి సంస్థలు ఇలా మాట్లాడుతున్నాయని నా నమ్మకం.

మైలాపూరులో నాకు తెలిసిన ఒక వకీలు గారు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "చివర పిల్లలు పాడిన చిట్టస్వరం ఎవరిదమ్మా?" నాకు గుండె ఝల్లుమంది. చిట్టస్వరం అంటే కృతికి జతగా ముందే కూర్చిపెట్టి పాడే స్వరాల వరుస. అది త్యాగయ్యది కాదు, మా గురువు గారు కూర్చినది. పాత కృతికి కొత్తగా చేర్చిన భాగంలో సొంత కల్పన ఉంటే, ఆ చేర్పు వరకు హక్కు చేర్చినవారిదే. దానివల్ల మూలకృతి తిరిగి ఎవరి సొత్తూ అయిపోదు. గురువు గారు పోయి ఆరేళ్లే అయింది కనుక ఆ నాలుగు ఆవర్తాల హక్కు ఇప్పుడు ఆయన కుమార్తెది. ఇన్నేళ్లుగా పాడిస్తూ ఉన్నా ఆమెను ఒక్కమాట అడగాలని నాకు తోచలేదు. క్షమించమని అడిగి విషయం చెప్పగానే, అక్కయ్య ఆనందంగా తన చేతితో అనుమతి రాసి ఇచ్చింది.

కాబట్టి కార్యాలయాల చుట్టూ తిరగకండి. ఏది చెప్పినా రాతలోనే చెప్పండి. కత్తిరించని అసలు వీడియోను, తీసిన తేదీతో సహా, చెరిపివేయకండి. నేను ఆ వీడియో వివరాలను, అక్కయ్య ఉత్తరాన్ని, గురువు గారు ఊదా సిరాతో స్వరపరచిన పుటను జతచేసి అప్పీలు పంపాను. ఏడో రోజున అభ్యంతరం తొలగింది. ఆ కార్యాలయం నుంచి మాత్రం ఒక్క క్షమాపణ ముక్క కూడా రాలేదు. ఈ ఉదయం వీడియో కింద చిట్టస్వరం ఎవరిదో గురువు గారి పేరుతో సహా రాయించాను.