కలెక్షన్ ఉద్యోగం, డిప్రెషన్, నేను బయటపడిన దారి

మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ ఆఫీసర్‌ని, కంపెనీ పేరు చెప్పను. పొద్దున్నే ఊళ్లలో అప్పు తీసుకున్నవాళ్లతో సెంటర్ మీటింగ్, ఆ తర్వాత ఎండలో బండేసుకుని ఓవర్‌డ్యూ ఇళ్ల (వాయిదా తప్పినవాళ్ల) చుట్టూ తిరగడం, సాయంత్రం బ్రాంచిలో క్యాష్ లెక్క. రాత్రి కంచం ముందు కూర్చోగానే వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ పేరు పెట్టి “నీ బాకీ ఎందుకు మిగిలింది?” అని మెసేజ్.

నిద్ర తెల్లారుజామున మూడింటికే తెగిపోయేది. అన్నం సహించేది కాదు. ఎవరో దిష్టి పెట్టారని అమ్మ ఉప్పు, మిరపకాయలు దిగదుడిచింది. ఒకరోజు ఒక ముసలావిడ వాకిట్లో కోడిని చూపించి, “ఇది అమ్మి కడతాను బాబూ, వచ్చే వారం రా” అంది. నాకు జాలీ కలగలేదు, కోపమూ రాలేదు. అప్పుడే గట్టిగా భయమేసింది.

ఆ రాత్రే 14416కి ఫోన్ చేశాను. అది టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం 2022లో కేంద్రం పెట్టిన ఉచిత నెంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. అవతల ఆవిడ తొందరపెట్టకుండా అంతా విని, డాక్టర్ని కలవమంది. బరంపురం ఎంకేసీజీ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లాను. డిప్రెషన్ ఎంతుందో చూడటానికి, గత రెండు వారాల్లో ఎలా ఉన్నారని తొమ్మిది ప్రశ్నలు అడిగారు, మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాల్సిందేనట, నాది బాగా దాటింది.

డాక్టర్ గారు ఎన్ని గంటల పని అని అడిగి ఊరుకోలేదు. “ఆ పనిలో నువ్వు సొంతంగా నిర్ణయించేది ఏముంది?” అన్నారు. ఏమీ లేదు. టార్గెట్ పైనుంచి వస్తుంది, వారం గడువిచ్చే అధికారం నాకు లేదు, తిట్లు మాత్రం రెండు వైపులా నావే. పని భారం ఎక్కువై, చేతిలో అధికారం లేని ఉద్యోగాలే మనిషిని ఎక్కువగా కుంగదీస్తాయని కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే రాశాడని తర్వాత చదివాను. పడ్డ కష్టానికి తగ్గ జీతం, గుర్తింపు లేకపోయినా అంతేనని 1996లో సీగ్రిస్ట్ చెప్పాడు. ఈ రెండు సమస్యలూ నాకున్నాయి! నా మనసు బలహీనమైంది కాబట్టే ఇలా అయ్యానన్న బాధ అక్కడితో చాలావరకు పోయింది.

డాక్టర్ గారు రాసిన మందు వెంటనే పనిచేయలేదు. మొదట్లో కడుపులో తిప్పింది, కొన్ని వారాలకు గానీ నిద్ర కుదురుకోలేదు, మధ్యలో మానేయొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పబట్టి మానకుండా వేసుకున్నాను.

అసలు కష్టం ఆఫీసుతో. “లీవ్ తీసుకో, వచ్చాక మళ్లీ అదే రూటు” అన్నారు. ఆ రూటే కదా నన్ను ఇక్కడికి తెచ్చింది? పని భారం, పని పద్ధతి మార్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఉంది, ఆఫీసుకు పెట్టిన ఉత్తరంలో ఆ ముక్క రాశాను. ఓవర్‌డ్యూ ఊళ్లు నలుగురికీ పంచాలని, రాత్రి ఎనిమిది తర్వాత మెసేజ్‌లు ఆపాలని, వారం గడువిచ్చే వీలు నాకు ఉండాలని అడిగాను. ఏరియా మేనేజర్ దాకా వెళ్తే మొదటి రెండూ ఒప్పుకున్నారు. గడువు సంగతి ఇంకా తేలలేదు, మళ్లీ అడుగుతున్నాను.

మీరూ రాయాల్సి వస్తే “ఒత్తిడిగా ఉంది” అని మాత్రం రాసి వదిలేయకండి. ఏ పని, ఏ టైములో, ఏం మారాలో రాయండి, డాక్టర్ సర్టిఫికెట్ జిరాక్స్ జతచేయండి, ఉత్తరం అందినట్టు సంతకం తీసుకోండి.