ఇంట్లో అదిరిన టోన్ స్టేజ్ మీద ఎందుకు మాయమైంది

ఆంప్ మోడలర్‌ని, అంటే గిటార్ ఆంప్, స్పీకర్, పెడల్స్ సౌండ్‌ని అనుకరించే డిజిటల్ డబ్బాని, మొదటిసారి స్టేజ్ ఎక్కించిన రోజు ఇంకా గుర్తుంది. మూడు వారాలు రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్కో నాబ్ తిప్పి తిప్పి చేసుకున్న టోన్ అది, వింటుంటే నాకే ముద్దొచ్చేది. ప్రోగ్రాం అయిపోయాక జనంలో నిలబడి విన్న మావాడి దగ్గరికెళ్లి ఎలా ఉందిరా అంటే, "బాగానే ఊగావు గానీ గిటార్ వినపళ్లేదు" అన్నాడు. క్లీన్ పార్టులు, అంటే గరగర లేనివి, వినిపించాయట, డిస్టార్షన్, అంటే ఆ గరగర సౌండ్, ఆన్ చేయగానే గిటార్ ఎటో వెళ్లిపోయిందట, సోలో దగ్గరైతే నా వేళ్లు కదలడం మాత్రమే కనిపించిందట.

సౌండ్ ఇంజనీర్‌ని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. తప్పు ఆయనది కాదని ఒప్పుకోవడానికి ఇంకో రెండు ప్రోగ్రాములు పట్టింది.

అసలు సంగతి మన చెవిలోనే ఉంది. తక్కువ వాల్యూమ్‌లో వింటున్నప్పుడు చెవికి బేస్ సరిగా ఆనదు, బాగా పైనుండే ట్రెబుల్ కూడా కొంత తగ్గినట్టే ఉంటుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ ఆ రెండూ పైకి లేస్తాయి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని 1933లోనే కొలిచి గ్రాఫులు గీసి పెట్టారు. అంటే అర్ధరాత్రి ఇంట్లోవాళ్లు లేవకుండా చిన్నగా వాయిస్తూ, టోన్ పల్చగా ఉందనుకుని బేస్ పెంచి, మెరుపు కోసం ట్రెబుల్ పెంచి, మిడ్ (ఆ రెంటి మధ్య ఉండే సౌండ్) తగ్గించి ఒక ప్రీసెట్ (దాచిపెట్టుకునే సెట్టింగ్) చేశామనుకోండి, అదే ప్రీసెట్ స్టేజ్ వాల్యూమ్‌కి వెళ్లేసరికి బేస్ బుంగలా ఉబ్బుతుంది, ట్రెబుల్ చెవిలో సూదిలా దిగుతుంది. ఆ ఉబ్బిన బేస్ వెళ్లి బేస్ గిటార్ మీదా కిక్ డ్రమ్ మీదా కూర్చుంటుంది, ట్రెబుల్ సింబల్స్‌లో కలిసిపోతుంది, గిటార్ నిజంగా ఉండాల్సిన మిడ్‌లో మాత్రం ఎవరూ ఉండరు. నా చేతులతో నేనే ఖాళీ చేసిన చోటు అది.

అందుకే ఇప్పుడు ప్రీసెట్ హెడ్‌ఫోన్స్‌లో మొదలుపెట్టినా అక్కడ పూర్తి చేయను. రిహార్సల్ రూమ్‌లో మోడలర్‌ని ఫుల్ రేంజ్ స్పీకర్‌కి పెట్టి, పక్కవాడితో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సినంత వాల్యూమ్‌లో, అదీ వెనకాల డ్రమ్స్, బేస్ వాయిస్తుండగా, నిలబడే సరిచేస్తాను. వాళ్లిద్దరూ ఎప్పుడూ దొరకరు కాబట్టి గిటార్ లేకుండా వాళ్లు వాయించిన రికార్డింగ్ ఒకటి దగ్గర పెట్టుకున్నాను. ఒక్కసారికి ఇరవై నిమిషాలకు మించి కూర్చోను, ఆ తర్వాత చెవి అలసిపోయి ఏది విన్నా బాగానే ఉందంటుంది.

నా క్రంచ్ (కాస్త గరగరలాడే) రిథమ్ ప్రీసెట్‌నే చెప్తాను. ఇంట్లో చేసినప్పుడు గెయిన్ (డిస్టార్షన్ ఎంత ఉండాలో చెప్పే నాబ్) 7, బేస్ 6, మిడ్ 4. ఇప్పుడు గెయిన్ 4.5, బేస్ 3.5, మిడ్ 6.5. క్యాబ్ (స్పీకర్ పెట్టె) దగ్గర లో కట్ (కిందుండే సౌండ్‌ని కోసేది) 100 హెర్ట్జ్, హై కట్ (పైనుండేదాన్ని కోసేది) 6.5 కిలోహెర్ట్జ్. గిటార్ లావు తీగ వట్టిగా మీటితే దాదాపు 82 హెర్ట్జ్, మరి 100 దగ్గర కోస్తే నోటే పోదా అని మొదట్లో భయపడ్డాను. పోదు, ఆ కోత గోడలా కాదు, ఏటవాలుగా దిగుతుంది, పైగా మనకు ఆ నోట్ వినిపించేది ఎక్కువగా దాని పైనున్న హార్మోనిక్స్ వల్లే. పోయేదల్లా ఆ కిందుండే గుడగుడ. ఇక పైన కోత ఎందుకంటే, మామూలు గిటార్ క్యాబ్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక ఎలాగూ పెద్దగా పలకదు, కానీ హాల్లో ఉండే పెద్ద స్పీకర్లకి ట్వీటర్ ఉంటుంది, మనం పంపిన ప్రతి జుయ్‌మనే రొదనీ అది నిజాయితీగా జనం చెవిలో పోస్తుంది.

ఈ ప్రీసెట్ ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది, ఎవరికైనా వినిపించాలంటే సిగ్గేస్తుంది. బ్యాండ్ మొదలయ్యాక మాత్రం ప్రతి కార్డూ విడివిడిగా తెలుస్తుంది. గెయిన్ తగ్గించడం అన్నిటికంటే కష్టమైంది, నిజం చెప్పాలంటే ఎక్కువ గెయిన్ ఉంటే వేళ్లు తడబడినా కప్పేస్తుంది కదా.

క్యాబ్ ఐఆర్‌ల గురించి ఒక్క మాట. ఐఆర్ అంటే ఒక స్పీకర్, దాని ముందు పెట్టిన మైక్ కలిసి సౌండ్‌ని ఎలా మారుస్తాయో పట్టి దాచిన చిన్న ఆడియో ఫైల్, అంతే. టోన్‌లో ఆంప్ కంటే దీనిదే పెద్ద వాటా అని నా నమ్మకం. అలాగని వందల ఫైళ్లు దింపుకుని ఒక్కోటీ మార్చి చూస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది తప్ప టోన్ తేలదు, నేను తెల్లార్లూ కూర్చున్నవాడినే. ఒకటి పట్టుకుని, ప్రీసెట్లన్నిటికీ అదే పెట్టేశాను. దీనివల్ల ఇంజనీర్‌కి కూడా హాయి, ఒకసారి ఈక్యూ (బేస్, మిడ్, ట్రెబుల్ పాళ్లు) సరిచేస్తే పాట పాటకీ మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

క్యాబ్ విషయంలోనే ఇంకో ఘనకార్యం చేశాను. ఒకచోట నిజం గిటార్ క్యాబ్, పవర్ ఆంప్ ఉన్నాయంటే సంబరపడి అందులో గుచ్చాను, మోడలర్‌లో క్యాబ్ ఆఫ్ చేయడం మర్చిపోయాను. క్యాబ్ మీద క్యాబ్, గిటార్‌కి దుప్పటి కప్పినట్టు వచ్చింది, ఆ రోజంతా ట్రెబుల్ పెంచుతూనే ఉన్నాను. ఇప్పుడు దారులు విడగొట్టి పెట్టుకున్నాను: ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు వైరు రకం) అవుట్ నుంచి క్యాబ్‌తో సహా మిక్సర్‌కి, పావు అంగుళం జాక్ నుంచి క్యాబ్ లేకుండా స్టేజ్ మీది పవర్ ఆంప్‌కి. మీ మోడలర్‌లో ఇలా రెండు దారులు కుదురుతాయేమో చూసుకోండి, చాలావాటిలో కుదురుతుంది.

ఇక లెవెల్స్. టోన్ కంటే దీని మీదే ఎక్కువ సమయం పెట్టమంటాను. డిస్టార్షన్ సౌండ్ దానంతటదే నలిగి ఒకే ఎత్తులో ఉంటుంది, క్లీన్ అలా కాదు, మీటిన ప్రతిసారీ ఠక్కున పైకి లేచి పడుతుంది. కాబట్టి మీటర్‌లో రెండూ ఒకే చోట కొడుతుంటే చెవికి డిస్టార్షనే గట్టిగా వినిపిస్తుంది. మీటర్‌ని క్లిప్ కాకుండా (సౌండ్ హద్దు దాటి చిట్లకుండా) చూసుకోవడానికి మాత్రమే వాడి, సమానమా కాదా అన్నది బ్యాండ్‌తో వాయిస్తూ చెవితోనే తేల్చుకోవాలి. సోలోకి ఒక 3 డెసిబెల్స్ లేపుతాను, కానీ ఎక్కడ లేపుతున్నామన్నదే అసలు కిటుకు. మొదట్లో ఆంప్‌కి ముందు బూస్ట్ పెడల్ పెట్టేవాణ్ణి. డిస్టార్షన్‌లో ఉన్న ఆంప్ ముందు ఎంత లేపినా అది ఇంకా నలుగుతుందే గానీ వాల్యూమ్ పెద్దగా పెరగదు, మావాడికి నా వేళ్లు మాత్రమే కనిపించడానికి సగం కారణం ఇదే. ఆ లేపడమేదో ఆంప్, క్యాబ్ దాటాక, చైన్ చివర్లో పెట్టాలి. 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల కాస్త ఎత్తితే మరీ మంచిది.

పెద్ద వాల్యూమ్ నాబ్ సంగతి కూడా చూసుకోండి. స్టేజ్ మీద నాకు వినపడట్లేదని ఆ నాబ్ తిప్పితే బయట జనానికి వెళ్లేది కూడా పెరిగి, సౌండ్‌చెక్‌లో కుదిర్చిందంతా పాడైపోయేది. హెలిక్స్ లాంటి మోడలర్లలో ఆ నాబ్ ఏ అవుట్‌ని కదిలించాలో గ్లోబల్ సెట్టింగ్స్‌లో ఎంచుకోవచ్చు. నేను మిక్సర్‌కి వెళ్లేదాన్ని ఒక లెవెల్ దగ్గర కట్టేసి, నాబ్‌ని నా మానిటర్‌కి మాత్రమే ఇచ్చాను. అలాగే అవుట్ మైక్ లెవెలా, లైన్ లెవెలా అన్నది వైరు ఇచ్చేటప్పుడే ఇంజనీర్‌కి చెప్పండి, ఆ చానెల్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకులకి వైరులోంచే పంపే కరెంటు) ఉంటే తీసేయమనండి. హమ్ వస్తే మోడలర్ మీది గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కి చూడండి, చాలాసార్లు దాంతోనే పోతుంది.

పాట మధ్యలో ప్రీసెట్ మార్చకండి. కొన్ని మోడలర్లలో మారేటప్పుడు చిన్న ఖాళీ వస్తుంది, డిలే తోక మధ్యలో తెగుతుంది, కోరస్ మొదటి దెబ్బ పడాల్సిన చోట నిశ్శబ్దం పడుతుంది. ఒకే ప్రీసెట్ లోపల స్నాప్‌షాట్లు (ఒక్క నొక్కుతో మారే సెట్టింగులు), ఫ్రాక్టల్ అనే కంపెనీ వాళ్ల మాటల్లో అయితే సీన్లు, పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. నావి నాలుగే: క్లీన్, క్రంచ్, హెవీ, లీడ్. ఏ పాటైనా కాలికింద వరుస అదే, చీకట్లో కూడా కాలు వెతుక్కోదు.

స్టీరియో కూడా నేను వదిలేశాను. హెడ్‌ఫోన్స్‌లో అటూ ఇటూ ఎగిరే డిలే విని మురిసిపోతాం గానీ చాలా చోట్ల మిక్సర్ నుంచి బయటికి వెళ్లేది మోనోనే. కొన్ని స్టీరియో కోరస్‌లయితే మోనోలో కలిపినప్పుడు రెండు వైపులవీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సౌండ్ సన్నబడిపోతుంది. ముందే ఒకసారి మోనోలో వినండి.

లేటెన్సీ, అంటే మీటాక వినిపించేలోపు ఆలస్యం, గురించి అందరూ టెన్షన్ పడతారు. గాలిలో సౌండ్ ఒక మీటరు ప్రయాణించడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. మోడలర్ ఒక్కటే తీసుకునే ఆలస్యం మామూలుగా ఆ చుట్టుపక్కలే, అంటే ఆంప్ నుంచి ఒక మీటరు వెనక్కి జరిగినట్టు. కాకపోతే దానికి డిజిటల్ వైర్‌లెస్, డిజిటల్ మిక్సర్, వైర్‌లెస్ ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే మానిటర్) కూడా తోడైతే ఒక్కొక్కటీ కలిసి చేతికి తెలియడం మొదలవుతుంది. నేను గిటార్‌కి వైరే వాడుతున్నాను, కాలికి చుట్టుకున్నా సరే.

వైరంటే గుర్తొచ్చింది. ఒకసారి పాట మధ్యలో మా బేసిస్ట్ కాలు తగిలి నా అడాప్టర్ ఊడిపోయింది. మామూలు ఆంప్ అయితే గుచ్చగానే మోగేదేమో. మోడలర్ అంటే కంప్యూటరే కదా, లోగో వచ్చింది, దాని కింద ఆ గీత నిదానంగా నిండుతోంది, మా సింగర్ జనంతో కబుర్లు చెప్తున్నాడు, నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ గీతనే చూస్తున్నాను. నిమిషం కూడా పట్టి ఉండదు. నాకు మాత్రం ఏడాది. అప్పట్నుంచి అడాప్టర్ వైరుని బోర్డుకి రెండు చోట్ల కట్టేస్తున్నాను, ప్రోగ్రాం ఉన్న వారంలో ఫర్మ్‌వేర్ (మోడలర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ జోలికి పోను, ప్రీసెట్ల బ్యాకప్ ఒక పెన్‌డ్రైవ్‌లో గిటార్ బ్యాగ్‌లోనే ఉంటుంది.

ఇంతా చేసి రివర్బ్ దగ్గర మాత్రం ఇప్పటికీ ఓడిపోతున్నాను. హాలే బోలెడు రివర్బ్ ఇస్తుంది, మనది దాదాపు వద్దు అని తెలుసు, అయినా 30 శాతం నుంచి దించడానికి మనసొప్పదు. మొన్నటి ప్రోగ్రాంకి 15కి దించాను. మావాడు మళ్లీ జనంలోనే నిలబడ్డాడు, అయిపోయాక వచ్చి, "గిటార్ వినిపించింది. రెండో పాటలో తప్పు కూడా వినిపించింది" అన్నాడు.